కుడి మలుపు

మా మామ పోయాడని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వాకిట్లో కూర్చొని బండి చైనుకు నూనె పెడుతున్నాను. ఫోన్‌లో ఎవరో అమ్మాయి హిందీలో గబగబా చెప్పింది. ఆమె ఇంకా చాలామందికి ఫోన్లు చేయాల్సి ఉందని గొంతులోనే తెలిసింది. కరోనా రెండోసారి వచ్చిన ఆ ఏప్రిల్‌లో సూరత్‌లో ఎవరి ఫోన్ మోగినా గల్లీ అంతా ఉలిక్కిపడేది. నూనె చేతులతోనే ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు కోపం వచ్చింది. కుడి మలుపు నేర్పుతానని చెప్పి, నేర్పకుండానే పోయాడు.

ఆయన నాకు పిల్లనిచ్చిన మామ. మామ అల్లుడికి బండి నడపడం నేర్పడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అట్లాగే అనిపించింది. అప్పటికి ఏళ్ల తరబడి మోటార్‌సైకిల్ మీద మిల్లుకు పోయి వస్తున్నవాణ్ణి. లైసెన్సు ఉంది. నాకు బండి రాదని ఎవరూ అనలేదు, ఆయన తప్ప.

మామ సిరిసిల్ల దిక్కు నుంచి పడుచు వయసులో సూరత్ వచ్చి ఖటోదరాలో పవర్‌లూమ్ మగ్గాల మీద కుదిరాడు. సంపాదన మొదలయ్యాక తనకోసం కొనుక్కున్న మొదటి వస్తువు మోటార్‌సైకిల్. ఎండాకాలం అందరూ రైలెక్కి ఊరికి పోతే, ఆయన అత్తను వెనక కూర్చోబెట్టుకొని సాపుతారా ఘాట్ మీదుగా బండి మీదే పోయేవాడు. "ఘాట్ మలుపులల్ల నేను మీ మామ ఈపుకు తల వెట్టి నిద్రవొయ్యేదాన్ని" అని అత్త ఇప్పటికీ చెప్తుంది. తర్వాత ఒకనాడు మగ్గం బెల్టులో పడి ఆయన ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. వాటితో చాయ్ సాసర్ పట్టుకోవడం నేర్చుకున్నాడు గాని క్లచ్ పట్టలేకపోయాడు. బండి అమ్మేశాడు. అప్పటి నుంచి ఆయనది ఎప్పుడూ ఎవరిదో ఒకరి వెనక సీటే.

వెనక కూర్చున్న మనిషి ఊరికే కూర్చోవాలి కదా. ఆయన కూర్చోడు. మలుపు వస్తే నడిపేవాడి కంటే ముందు తానే ఒరుగుతాడు. షేర్ ఆటోలో కూడా అంతే, పక్కవాళ్లు విసుక్కున్నా పట్టించుకోడు. సాయంత్రాలు వడోద్‌లో వాళ్ల గది ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, మాస్కు గడ్డం కిందికి లాగి, సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ, షిఫ్టు విడిచి వచ్చే బండ్లను చూసేవాడు.

"మోకాళ్లు తెరిచి పోతుండు సూడు, బర్రె మీద కూసున్నట్టు."

"మంది మోకాళ్లు నీకెందుకయ్యా" అని అత్త లోపలి నుంచి అనేది. చాయ్ అయిపోయేదాకా ఆ తిట్లు ఆగేవి కావు. వాటిలో నా వంతు కూడా ఉంటుందని నాకు తెలుసు. నేను వాళ్ల గల్లీ మూల తిరిగేటప్పుడు కావాలనే ఆయన వైపు చూసేవాణ్ణి కాదు.

మొదటి లాక్‌డౌన్ అయిపోయి, మగ్గాలు సగం మాత్రమే నడుస్తున్న వానాకాలం అది. నా భార్య ఇంట్లో చీరలకు రాళ్లు అంటించే పని చేసేది. తయారైన చీరల మూట ఇవ్వడానికి ఇద్దరం పర్వత్ పాటియా పోయాం. తిరిగి వచ్చేటప్పుడు, రోడ్డు కుడివైపు తిరిగే చోట గుంత కనిపించింది. దాన్ని తప్పించాలనుకుంటూ దాన్నే చూశాను. చేతులు బిగుసుకున్నాయి. మలుపు మధ్యలో ముందు బ్రేకు పట్టాను. తడి రోడ్డు మీద ముందు చక్రం సర్రున జారింది. నాకు మోచేయి గీరుకుంది. ఆమెకు మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకొని ఇంటికి వచ్చాక ఆమె ఒకటే మాట అన్నది. "ఇగ నీ ఎనక కూసోను." గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆ తర్వాత ఎక్కడికి పోవాలన్నా ఆటో, లేకపోతే నడక. నేను బతిమాలాను. కసురుకున్నాను కూడా. లాభం లేకపోయింది.

మేం పడిన మరునాడు పొద్దున మామ వచ్చాడు. కూతురి చెయ్యి చూశాడు, కట్టు మీద తన రెండు వేళ్లు ఆనించాడు. నన్ను తిడతాడని తల వంచుకొని నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

"బండి తియ్యి అల్లుడా" అన్నాడు.

"యాడికి మామా?"

"ఖటోదరా. గల్లీలు ఖాళీగున్నయి."

చాలా కార్ఖానాల షట్టర్లు ఇంకా దించే ఉన్నాయి. ఒక మలుపు దగ్గర దిగి, సంచిలోంచి దారం అయిపోయిన కండెలు తీసి రోడ్డు మీద వంపుగా పేర్చాడు. వాటిని తాకకుండా వాటి వెంబడే బండి తిప్పాలి. ఆయన నా వెనక ఎక్కాడు. ఆ పొద్దున సగం కండెలు నా చక్రం కింద నలిగాయి. దిగి, నలిగినవి ఏరి సంచిలో వేసుకొని, "ఐతారం మళ్ల వద్దాం" అన్నాడు. అట్లా మొదలైంది.

ఆయనకు చెప్పడం రాదు. ఒంటికి తెలిసింది నోటికి వచ్చేది కాదు. పైగా నా తలకు హెల్మెట్, పోలీసుల భయానికి ఇద్దరి ముఖాలకూ మాస్కులు, మధ్యలో ఇంజన్ చప్పుడు. వెనక నుంచి గొణుగుడు తప్ప ఏమీ వినపడేది కాదు. "ఏంది మామా?" అని నేను తల తిప్పితే బండి ఇంకోవైపు పోయేది. చివరికి మాటలు మానేశాడు. నా భుజాలు లేస్తే అరచేత్తో అణిచేవాడు. మోచేతులు బిగిస్తే కింది నుంచి ఎగరేసేవాడు. తొడలు ట్యాంకును వదిలితే తన మోకాళ్లతో నొక్కేవాడు. నేను కండెల వైపు చూస్తే హెల్మెట్ రెండు వైపులా పట్టి నా తలను మలుపు అవతలికి తిప్పేవాడు. నాకు ఒళ్లు మండేది. పెళ్లయిన మగవాణ్ణి, నడిరోడ్డు మీద మామ తల పట్టి తిప్పుతుంటే ఎవరికి బాగుంటుంది?

ఒక్క మాట మాత్రం బాగా చెప్పాడు. నేత ఇళ్లల్లో పుట్టినవాళ్లం కాబట్టి నాకు వెంటనే ఎక్కింది.

"నడుం కింద పడుగు, నడుం మీద పేక. కాళ్లు బిగువు, చేతులు వదులు. నువ్వు ఉల్టా జేస్తున్నవ్."

పడుగు అంటే మగ్గం మీద లాగి బిగించిన నిలువు దారం. పేక దాని మధ్య అటూ ఇటూ పరుగెత్తే దారం. పేక బిగుసుకుంటే గుడ్డ పాడవుతుంది. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా మలుపు రాగానే నా చేతులు పడుగైపోయేవి, కాళ్లు పేకైపోయేవి.

ఆయన చెప్పిందంతా సరైనదీ కాదు. ముందు బ్రేకు అసలు ముట్టుకోవద్దనేవాడు. నేను ఫోన్‌లో వీడియోలు చూశాను. మలుపుకు ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడు, ముందు బ్రేకే బాగా ఆపుతుందట. మలుపులోకి ఒరిగాక గట్టిగా పట్టడమే ముప్పు. ఇంకో సంగతి కూడా వాటిలో ఉంది. అది చెప్పినందుకు మా ఇద్దరికీ కొన్ని వారాల పంచాయితీ నడిచింది.

"కుడికి పోవాల్నంటే కుడి హ్యాండిల్ ముందుకు నూకాల్నంట మామా."

"ఎవడు జెప్పిండు?"

"గీ వీడియోల."

"నూకితే ఎడమకు పోతది. చిన్నప్పుడు సైకిల్ తొక్కలేదా నువ్వు?"

"మెల్లగ పోతే గట్ల. జర స్పీడుంటే నూకిన దిక్కే ఒరుగుతదంట."

"నడుం ఒంచు. బండి అదే పోతది. హ్యాండిల్ జోలికి పోకు."

ఒక ఆదివారం బండిని డబుల్ స్టాండ్ మీద పెట్టించి, నడుం ఎట్లా ఒంచాలో చూపిస్తానని తానే ముందు సీటు ఎక్కాడు. కొంచెం కుడికి జరిగాడు. కుడి భుజం దించి, గడ్డాన్ని కుడి అద్దం వైపు తెచ్చి, ఎడమ మోకాలిని ట్యాంకుకు ఆనించాడు. ముసలి ఒళ్లు ఒక్కసారిగా తీగలా అయింది. అప్పుడే చూశాను, ఆయన కుడి అరచేయి తనకు తెలియకుండానే హ్యాండిల్‌ను ముందుకు నూకుతోంది.

"నూకుతున్నవ్ సూడు మామా" అన్నాను.

తన చేతి వైపు చూసుకున్నాడు. "అది నడుం నూకుతుంది. నేను గాదు" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీద ఆనించి కాసేపు అట్లాగే కూర్చున్నాడు. తర్వాత దిగి కండెలు ఏరుకున్నాడు. ఆ వారం మా ఇంటికి చాయ్‌కి రాలేదు.

బాగుందని ఒక్కనాడూ అనలేదు. ఈసారి కుదిరిందని నాకు అనిపించినప్పుడు కూడా వీపు మీద వేలితో పొడిచి "మళ్ల" అనేవాడు. మళ్లీ తిరిగి వస్తే మళ్లీ "మళ్ల". ఎన్నిసార్లు బండి అక్కడే వదిలి నడిచి ఇంటికి పోవాలనుకున్నానో. కానీ ఆయన నోటి వెంట "నా బిడ్డ చెయ్యి ఇరగ్గొట్టినవ్" అన్న మాట ఎన్నడూ రాలేదు. ఆ మాట అనకుండా ఉండటానికే నన్ను ఆదివారాలు ఖటోదరా తీసుకుపోయాడేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రుణం నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎడమ మలుపులు కొంచెం దారికొచ్చాయి. కుడిది రాలేదు. కుడికి ఒరగబోతే చాలు, తడి రోడ్డు కళ్ల ముందుకు వచ్చేది. భుజాలు చెవుల దాకా లేచేవి. యాక్సిలరేటర్, ముందు బ్రేకు రెండూ కుడిచేతి కిందే ఉంటాయి. ఆ చెయ్యి పని చేయాలి, వదులుగా కూడా ఉండాలి. అదెట్లాగో నాకు అంతుపట్టేది కాదు.

"కుడి మలుపుకు ఒక కిటుకున్నది" అన్నాడు ఒక సాయంత్రం.

"చెప్పు మరి."

"ముందుగాల ఎడమది సాఫ్ జెయ్యి. తర్వాత చెప్త."

"ఎడమది వచ్చింది గద మామా."

"వచ్చిందని నీకనిపిస్తుంది. ఎనక కూసున్న నాకు ఇంక అనిపిస్తలేదు."

చలికాలం పోయింది. హోలీ వచ్చింది. ఎడమది సాఫ్ కాలేదు, ఆయన చెప్పలేదు. నీకైనా చెప్తాడేమో అడుగు అని నా భార్యను పురమాయించాను. "మీ ఇద్దరి నడుమల నేను రాను" అన్నది. ఆమె చెయ్యి అతికింది. చీరల పని మళ్లీ మొదలుపెట్టింది. బండి ఎక్కమంటే మాత్రం, అది అక్కడ లేనట్టే పక్క నుంచి నడిచిపోయేది.

హోలీ తర్వాత మళ్లీ జ్వరాలు మొదలయ్యాయి. మామకు ముందు దగ్గు, తర్వాత ఆయాసం. ఏ ఆసుపత్రిలో మంచం దొరుకుతుందో తెలియక ఆటోలో ఊరంతా తిరిగాం. ఆయన అత్త భుజం మీద తల పెట్టి కూర్చున్నాడు. మలుపులు వచ్చాయి, పోయాయి. ఆయన ఒరగలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

మంచం దొరికాక లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఒకసారి నర్సు దయతలచి ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది. అత్త మాట్లాడింది, కూతురు మాట్లాడింది. ఫోన్ నా చేతికి వచ్చేసరికి, ఎట్లున్నవ్ అని అడగడానికి నోరు రాలేదు.

"మామా, కుడి మలుపు కిటుకు ఏంది?" అన్నాను.

ఆక్సిజన్ బుసబుస చాలాసేపు వినిపించింది. తర్వాత ఒక్కో మాట విడదీసుకుంటూ అడిగాడు.

"ఎడమది... అయిందా?"

"అయితుంది మామా."

"గట్లయితే జర ఆగు."

నాతో ఆయన చివరి మాటలు అవే. ఆ కిటుకేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత అత్తను అడిగితే, "నాకేం తెల్సు బిడ్డా, నేను నిద్రవొయ్యేదాన్ని గద" అన్నది. ఎన్ని వీడియోలు చూసినా ఇదే అయి ఉంటుందని ఏదీ తోచలేదు. అసలు కిటుకు ఉందో, నన్ను ఆదివారం ఆదివారం రప్పించడానికి అన్నాడో కూడా చెప్పలేను. అడగడానికి మనిషి లేడు. దీన్ని తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

మనిషిని మాకు చూపించలేదు, దహనం వాళ్లే చేశారు. మరునాడు వచ్చి అస్థులు తీసుకుపొమ్మన్నారు. అత్తకు జ్వరం. ఆటోవాళ్లు శ్మశానం పేరు చెప్పగానే రామన్నారు. నేనొక్కణ్ణే పోదామని బండి తీశాను. అస్థుల కుండను ట్యాంకు మీద కట్టుకోవచ్చని తాడు వెంట పెట్టుకున్నాను. నా భార్య వాకిట్లోకి వచ్చి ఆ తాడు నా చేతిలోంచి లాక్కుంది.

"బాపును తాడుతోని కడ్తవా?"

తాడు గడప పక్కన పడేసి, చీర కుచ్చిళ్లు సర్దుకొని, వెనక ఎక్కింది.

శ్మశానంలో ఎర్రగుడ్డ కట్టిన మట్టికుండ ఇచ్చారు. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకుంది. ఇక నన్ను పట్టుకోవడానికి చెయ్యి లేదు. తాపీ నది ఒడ్డుకు పోయే దారిలో మొదటి మలుపు ఎడమది, తిరిగాం. తర్వాతది కుడిది. దాన్ని బాగా తిరిగానని మీకు రాయాలని ఉంది. తిరగలేదు. భుజాలు లేచాయి, సగంలో దించుకున్నాను, బండి ఊగింది. వెనక నుంచి ఆమె "మెల్లగ" అన్నది. ఇంకో కుడి మలుపు వచ్చింది. ముందే వేగం తగ్గించుకున్నాను. మలుపు అవతలి రోడ్డు మీద చూపు పెట్టాను. ఊపిరి వదిలాను. మోచేతులు దిగాయి. అది మొదటిదాని కంటే నయం, అంతే. సాఫ్ అని మామ ఒప్పుకునేవాడు కాదు.

ఆమె మెట్లు దిగి మోకాలి లోతు నీళ్లలో నిలబడి గుడ్డ విప్పింది. గాలికి కొంత బూడిద మా బట్టల మీదికి వచ్చింది. ఇద్దరం దులుపుకోలేదు. కుండను కూడా నీళ్లకే వదిలేసింది.

తిరిగి ఎక్కి కూర్చున్నాక "పట్టుకో" అన్నాను. కొంత దూరం పోయాక అద్దం కిందికి వంచి చూశాను. తడి చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, అరచేతులు పైకి. వడోద్ వచ్చేదాకా, ఏ మలుపు దగ్గరా నన్ను పట్టుకోవడానికి అవి అక్కడి నుంచి కదలలేదు.