టీచరమ్మ వాగు దాటిన రోజు

మిరప నారుమడిలో గడ్డి ఏరుతుంటే ఆటో అతను రోడ్డు మీద బండి ఆపి కేక వేశాడు. "తాతా, టీచరమ్మ పోయిందట! ఖమ్మం దవాఖానాల, పొద్దుగాల." నేను "అవ్" అన్నాను. పట్టిన సాలు చివరిదాకా ఏరి, కాలువలో కాళ్ళు కడుక్కుని లేచాను. పని సగంలో పడేసి పరుగెత్తితే ఆమెకే కోపం వచ్చేది. పాఠం మధ్యలో లేచిపోయేవాళ్ళను ఆమె ఎప్పుడూ మెచ్చలేదు.

చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను. రెండో తరగతితో బడి ఆపినవాణ్ణి నేను. పేపరు కూడబలుక్కుని చదువుతాను. ఇది నా చేత్తో నేనే రాశాను. టీచరమ్మ మనవరాలు, ఐదో తరగతి పిల్ల, నా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దింది. మాటలు మాత్రం మార్చనియ్యలేదు.

ఆమె మా ఊరి బడిలో చాలా ఏళ్ళు చెప్పింది. తర్వాత బదిలీల మీద ఎక్కడెక్కడో తిరిగి, పెద్ద టీచరుగా రిటైరై, మళ్ళీ మా పక్కింటికే వచ్చి చేరింది. భర్త అప్పటికే లేడు. కూతురు ఖమ్మంలోని ఖానాపురం హవేలీలో కాపురం, నర్సు ఉద్యోగం. మనవరాలిని అమ్మమ్మ దగ్గర ఉంచింది. మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఆ గోడ మీద మాకు రోజూ తగువే.

"అన్నా, నీ మిరపకాయలు మా ఇంట్ల ప్రార్థన కూడ చేసుకోనిస్తలేవు. ఆమెన్ అనేలోపే తుమ్మొస్తుంది."

"కండ్లు మూసుకుంటవ్ కద, ముక్కు గూడ మూసుకో."

అనేశాక నాకే నవ్వొచ్చేది. ఆమె ముందే నవ్వేది.

రిటైరైనా సంచిలో సుద్దముక్క ఉండాల్సిందే. దారిలో ఏ పిల్ల ఎదురైనా ఆపి, ఏది దొరికితే దాని మీద రాయించేది. నా ట్రాలీ వెనక తలుపు ఆమెకు నల్లబల్ల. మార్కెట్టుకు బయలుదేరేటప్పుడు చూస్తే కూడికలు, తీసివేతలు. నేను తుడిచేవాణ్ణి. మర్నాటికి మళ్ళీ ఉండేవి. పిల్లలు తప్పు రాస్తే తప్పు అనేది కాదు. "ఇంకోసారి చూడు" అనేది. అదే మాట నాతోనూ అనేది, నేనేదో మూడో తరగతి పిల్లాణ్ణయినట్టు. నాకు ఒళ్ళు మండేది.

మా ఊరికీ అవతలి పల్లెకూ మధ్య వాగు ఉంది. దాటడానికి చప్టా ఒకటి. ఎండాకాలం చప్టా మీద మేకలు పడుకుంటాయి. వానాకాలం చప్టా ఎక్కడుందో కూడా తెలియదు. మా బడిని అవతలి బడిలో కలుపుతారన్న మాట రెండేళ్ళ కిందట మొదలైంది. బడి కమిటీ తీర్మానం చేసిస్తే పని అయిపోతుంది. అప్పటి చైర్మన్ సంతకానికి సిద్ధంగానే ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. ఆమె వాకిట్లో కూర్చుని ఆ సంగతి చెప్పాడు. గోడకు ఇవతల నేనూ విన్నాను.

"అవతలి బడిల ముగ్గురు సార్లున్నరు టీచరమ్మా. ఈడ ఒక్కడే. కలిస్తే పిల్లలకే మంచిది."

"మంచిదే. వాగు ఎవరు దాటిస్తరు?"

"వాగెంత? మోకాలి లోతు."

"ఎవరి మోకాలు?"

చైర్మన్ ఆరడుగుల మనిషి. తన కాళ్ళవంక చూసుకున్నాడు. టీ తాగకుండానే లేచిపోయాడు.

కమిటీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. టీచరమ్మ తాను నిలబడతానంది. ఊరంతా నవ్వారు. ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో, వాళ్ళను సాకేవాళ్ళో నిలబడాలి గాని రిటైరైనవాళ్ళకు చోటెక్కడిది? ఆమె వాదించలేదు. పసుపు బస్సెక్కి ఇంగ్లీషు బడికి పోయే మనవరాలిని మానిపించి, చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి మా ఊరి బడిలో చేర్పించింది. ఆ సాయంత్రం ఖమ్మం నుంచి వచ్చిన ఫోను గోడ ఇవతలికి కూడా వినపడింది.

"నీ ఎలక్షన్ కోసం నా బిడ్డ సదువు ఖరాబు చేస్తవా అమ్మా?"

"నువ్వు గూడ ఆడనే సదివినవ్. ఏం ఖరాబైనవ్?"

కూతురు ఫోను పెట్టేసింది. ఆ తర్వాత చాలా రోజులు చేయలేదు. పిల్ల పొద్దున్నే బస్సు హారన్ వినగానే ఏడ్చేది. నేనుండబట్టలేక అడిగాను. "పసిదాన్ని ఎందుకేడిపిస్తవ్?"

"దానికి బస్సన్న ఉండె. మిగిలిన పిల్లలకు ఈ బడి పోతే ఏముంటది అన్నా?" అంది. పిల్లకు కళ్ళు తుడిచి జడ వేసింది. వంకర వచ్చిందని విప్పి మళ్ళీ వేసింది. ఆ పిల్ల చదువు నిజంగా పాడైతే కూతురు జన్మలో క్షమించదని ఆమెకు తెలుసు.

ఎన్నికల తేదీ వచ్చింది. సరిగ్గా మిరప కోతల్లో, పనిరోజున, పొద్దున పది గంటలకు. ఎవరు పెట్టారో గాని వాళ్ళు జన్మలో మిరపకాయ కోసి ఉండరు. మా బడి పిల్లల తల్లులు ఎక్కువమంది అడవి అంచున కోయగూడెం వాళ్ళు. కోతలకు తెల్లవారకముందే చేలల్లో ఉంటారు, పొద్దుగూకితేగాని ఇంటికి రారు. పది గంటలకు బడి దగ్గర ఖాళీగా ఉండేది ఎవరు? అవతలి బడి బాగుందనేవాళ్ళు. చేతులెత్తి ఎన్నుకోవాలి. రానివాళ్ళ చేతులు లెక్కలోకి రావు.

ఆ తల్లుల కూలి ముఠా కోస్తున్నది నా చేలోనే. ముందురోజు సాయంత్రం ఆమె గొడుగు పట్టుకుని గట్టు మీదికి వచ్చింది.

"రేపు పొద్దుగాల మీ కూలీలను జర పంపియ్యన్నా. పని కాంగనే వస్తరు."

"మొగులు పట్టింది కనవడ్తలేదా? పండుకాయ మీద వాన వడితే నేనేం గావాలె? నీ ఎలక్షన్‌కు నా పంట వెట్టనా?"

"ఇంకోసారి చూడు."

"చూసిన. మొగులే ఉంది."

వెళ్ళిపోయింది. ఇప్పటికీ అంటాను, నేనన్నదాంట్లో తప్పు లేదు. ఆకాశం నల్లగా ఉంది. పంట నాది.

మర్నాడు తెల్లవారేసరికి ముఠాతో పాటు ఆమె కూడా చేలోకి దిగింది. తలకు తువ్వాల చుట్టుకుంది. ముఠా మేస్త్రి కోయామె, మాటకారి. దూరం నుంచే అరిచింది. "తాతా, గియ్యాల కొత్త కూలామె వచ్చింది. పని సరిగ్గ చెయ్యకుంటే నన్నడగొద్దు!"

టీచరమ్మ నా ముందు నిలబడింది. "వీళ్ళు బడికి వోతే ఎంత కాయ ఆగుతదో, అంత నేను గోస్త. చీకటిపడేదాక ఉంట."

కోస్తే ఎట్లా కోసింది? తొడిమలు చెట్టుకే వదిలేసి కాయలు పీకుతోంది. "తొడిమతోటి కొయ్యాలె టీచరమ్మా" అన్నాను. "అట్లనే సార్" అంది చేతులు కట్టుకుని. సాళ్ళన్నీ పగలబడి నవ్వాయి. నేను మాత్రం గడియారం వంక చూడలేదు. ముఠాను వదలాలన్న ఆలోచన నాకింకా లేదు.

ఇంతలో చైర్మన్ బండి మీద వచ్చాడు. గట్టు మీద నుంచే, అందరూ వినేటట్టు, "తాతా, నువ్వు మనోడివి. వీళ్ళను ఇడువవని అందరికి జెప్పిన" అన్నాడు.

"ఎవనికి జెప్పినవ్? నన్నడిగి జెప్పినవా?"

"గట్ల గాదు తాతా..."

"ఎట్లయితేంది? నా చేల ఎవరుండాలె, ఎవరు పోవాలె నువ్వు జెప్తవారా?"

ట్రాక్టరు స్టార్ట్ చేశాను. "ఎక్కుండ్రి" అన్నాను. నేను మంచితనంతో చేశానని కొందరు చెప్పుకుంటున్నారు. అదేం లేదు. నా తరఫున ఇంకొకడు మాటిస్తే నేనూరుకోను, అంతే. టీచరమ్మ చేలోనే ఉంటానంది. "నిలవడ్డదానివి నువ్వు, కాయలకాడ ఏం జేస్తవ్?" అని ఆమెనూ ఎక్కించాను.

బడి ముందు దిగేటప్పుడు ఆమె కొంగుకు బదులు చేత్తో ముఖం తుడుచుకుంది. మేస్త్రి లబోదిబోమంది. "అయ్యో, చేతులు గడగకుంట కండ్లు ముట్టిందే!" మాలో చిన్నపిల్లలు కూడా కోతల రోజుల్లో అట్లా చేయరు. చన్నీళ్ళతో ఎంత కడిగినా మంట తగ్గలేదు. కళ్ళు మూసుకుని, ధారగా నీళ్ళు కారుస్తూ బెంచీ మీద కూర్చుంది. "ఓడిపోతనని ముందుగాలనే ఏడుస్తుంది" అన్నాడెవడో.

నాకు ఓటు లేదు. నా మనవలు పసుపు బస్సులో పోతారు. గేటు బయట నిలబడి చూశాను.

హెడ్మాస్టరు చైర్మన్ పేరు చదివాడు. చేతులు లేచాయి, కొన్ని. టీచరమ్మ పేరు చదివాడు. గూడెం తల్లులంతా ఒక్కసారే ఎత్తారు, చాలామంది రెండేసి చేతులు. చైర్మన్ లేచాడు. "గిదేంది? దొంగ ఓట్లు!"

హెడ్మాస్టరు మేస్త్రినడిగాడు. "రెండెందుకెత్తినవమ్మా?"

"పిల్లకొకటి గద సారూ! మూడోదానికి ఏదెత్తాలెనో అదే ఆలోచిస్తున్న."

హెడ్మాస్టరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. మనిషికి ఒక్క చెయ్యేనని చెప్పి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. టీచరమ్మ బెంచీ గేటు పక్కనే ఉంది. కళ్ళు తెరవకుండానే, మెల్లగా అడిగింది.

"అన్నా, లేచినయా?"

"లేచినయ్."

"ఒక్కొక్కటే అన్నంక గూడ? ఇంకోసారి చూడు."

చూశాను. చైర్మన్ వైపు వాళ్ళకంటే ఎక్కువే ఉన్నాయి. కాయ అంటుకున్న ఎర్రటి చేతులు, ఒక్కటీ దిగలేదు. "ఉన్నయ్ లేవమ్మా" అన్నాను. అప్పుడు ఆమె నిజంగానే ఏడ్చింది. తేడా నాకొక్కడికే తెలిసి ఉంటుంది.

ఆ రోజు వాన పడలేదు. పడి ఉంటే మా తగువు ఇంకా నడిచేది. సాయంత్రం గోడ మీద నుంచి చూస్తే మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. మనవరాలు అన్నం కలిపి ముద్దలు పెడుతోంది.

కమిటీ మీటింగులు ఆమె సాయంత్రాలకు మార్చింది, కోతల నుంచి తల్లులు తిరిగి వచ్చాక. అందరూ చేతులు కడుక్కున్నాకే కూర్చోవాలని రూలు పెట్టింది. వంతెన కట్టండి, పిల్లలను మేమే పట్టుకొస్తాం, అంతవరకు కలపొద్దని తీర్మానం రాసి, ఆఫీసుల చుట్టూ బస్సుల్లో తిరిగింది. వంతెన రాలేదు. బడి నిలిచింది, ఇంకో సారు వచ్చాడు. వానాకాలం చప్టా మీదికి పిల్లలు దిగకుండా కాసే పని పాత చైర్మన్‌కు అప్పజెప్పింది. "నీ మోకాళ్ళు పొడుగు గద, నువ్వే ఉండు" అంది. అతను గొణుక్కుంటూనే చేశాడు.

ఈ వానాకాలంలో ఆయాసం ఎక్కువైంది. కూతురు వచ్చి ఖమ్మం తీసుకెళ్ళింది. ఆటో ఎక్కుతూ ఆమె నాతో అన్నది ఒక్కటే. "నేనచ్చేదాక పిల్లను బడి మాన్పియ్యనియ్యకు." సరే అన్నాను. తిరిగి అంబులెన్సులో వచ్చింది.

క్రైస్తవుల సమాధుల దొడ్డి వాగు అవతల. గొయ్యి తవ్వేవాళ్ళు మర్నాడు పొద్దున్నే దాటారు. వాళ్ళతో పాత చైర్మన్ కూడా పలుగు పట్టుకుని పోయాడు. ఆ వెనకే పైన అడవిలో పడిన వాన నీళ్ళు దిగాయి, చప్టా మునిగింది. పెట్టెను బడి వరండాలో దించాం. వాగుకు అదే దగ్గర. అవతలి ఒడ్డున చైర్మన్ అరుస్తున్నాడు. నీళ్ళ చప్పుడుకు ఒక్క ముక్కా వినపడలేదు. మోకాలి లోతన్న మనిషి మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడిపోయాడు.

కూతురు తల్లి పక్కన కూర్చుని ఆ ఎర్రనీళ్ళనే చూస్తోంది. "చిన్నప్పటి వాగే గద, అమ్మ ఫోన్‌ల ఎక్కువ చేసి చెప్తుందనుకున్న తాతా" అంది. పిల్ల తల నిమిరి, "పిల్లను ఈ ఏడు ఈడనే సదవనియ్యుండ్రి. నేను మళ్ళ వస్త" అంది. నేను తలూపాను. పిల్లను కళ్ళల్లో పెట్టుకుని చూసుకునే పని ఇప్పుడు మా ఇంటిది.

"ట్రాక్టర్‌ల దాటిద్దాం, ఎంతసేపు గిట్ల?" అని కుర్రకారు తొందరపడ్డారు. వద్దన్నాను. చప్టా అంచు రాళ్ళు బయటపడేదాకా ఆగాను. బయటపడ్డాయనిపించాక, ఇంకోసారి చూశాను. అప్పుడు పెట్టెను నా ట్రాలీలోకి ఎత్తారు. పాస్టరుగారు, కూతురు, మేము కొందరం ఎక్కాం. పిల్లలెవరూ దాటొద్దన్నాను. ఎవరూ మారాం చేయలేదు. ఆ బడిలో ఆ మాట అందరికీ తెలిసిందే.

నడివాగులో బండి మెల్లగా పోతుండగా వెనక్కి తిరిగాను. పిల్లలు బడిగోడ పొడుగునా వరుసగా నిలబడి ఉన్నారు. మొదట పిలుస్తున్నారనుకున్నాను. కాదు, చేతులెత్తారు. వాళ్ళ వెనక తల్లులూ ఎత్తారు. అందరివీ ఒక్కొక్క చెయ్యే. టీచరమ్మ మనవరాలు మాత్రం రెండు చేతులూ ఎత్తింది. మేము ఒడ్డెక్కేదాకా దించలేదు.