పీఠం ఖాళీగా ఉన్న పక్షం

విఘ్నేశ్వరునికీ వాగ్దేవికీ ప్రణమిల్లి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర భాద్రపద బహుళ తదియనాడు, మారేడ్‌పల్లిలో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బీదలకు ఇళ్ళ నిమిత్తం లాభాపేక్ష లేక అప్పులిచ్చే సంస్థ ఒకదానికి నిన్న కొత్త అధ్యక్షురాలిని నియమించారని ఈ ఉదయం పత్రికలో చదివాను. మహాలయపక్షంలో నియమించారు, ఎవరికీ ఏమీ అనిపించినట్టు లేదు.

నా యీడువారికి జ్ఞాపకముండే ఉంటుంది, సర్వధారి సంవత్సరంలో పోలీసుచర్య ముగిసి, సైన్యపు బండ్లు కార్ఖానా దారిన సాగిపోతుంటే, సంతోషించాలో భయపడాలో తెలియక మనవాళ్ళు వాకిళ్ళలో ఊరకే నిలబడి చూస్తూండిన కాలం. గుమాస్తాలూ బడిపంతుళ్ళూ కలిసి పెట్టుకొన్న ఇళ్ళ సహాయ సంఘానికి మా నాన్నగారు కార్యదర్శి. ఆయన చిరకాల మిత్రుడైన ఒక ముస్లిం పెద్దమనిషి అధ్యక్షుడు. సభ్యుని ఇంటి గోడలు లేచిన పిమ్మట అధ్యక్షుడు స్వయంగా వెళ్ళి, గోడమీద చేయి వేసి చూచి, సరేననాలి. అప్పుడుగాని కప్పుకు సొమ్ము విడుదల కాదు. అది ఆ సంఘపు పద్ధతి. చిన్ననాడే భర్తను పోగొట్టుకొని మా పంచన ఉంటూ వచ్చిన మేనత్త, బోయిన్‌పల్లిలో ఆ సంఘపు అప్పుతోనే తనదంటూ రెండు గదులు కట్టుకొంటున్నది. మట్టిగోడలు లేచాయి, పెంకులు కప్పడం మాత్రమే మిగిలింది.

అంతలో ఆ పెద్దమనిషి సంఘపు తాళంచెవి నౌకరుచేత పంపి, ఇక రానని కబురు చేశాడు. నాన్నగారు తాళంచెవి అందుకొన్నారు. ఎందుకని అడగడానికి ఎవరూ వెళ్ళలేదు.

మా వసారాలో సభ కూడింది. కోస్తానుండి వచ్చి స్థిరపడిన క్రైస్తవ పంతులమ్మ అయితే అందరికీ సమ్మతమే. కాని పితృదేవతల పక్షంలో కొత్త పెద్దను నిలబెట్టరాదనీ, అమావాస్య వెళ్ళనిమ్మనీ నాన్నగారన్నారు.

“నాకా పట్టింపు లేదండీ, ఇప్పుడే కూర్చుంటాను,” అన్నది పంతులమ్మ.

“కూర్చునేది మీరేనమ్మా, కూర్చోబెట్టేది మేము గదా,” అన్నారు నాన్నగారు.

తలుపు చాటునుండి మేనత్త మెల్లగా అన్నది: “వాన తిథి చూసుకోని పడుతదా, అన్నా?”

“మీ అన్న పంచాంగం తీస్తే వాన సుత ఆగుతదమ్మా,” అన్నాడొక వృద్ధ సభ్యుడు. నలుగురూ నవ్వారు, మేనత్త కూడా నవ్వింది.

అష్టమినాడు పట్టిన ముసురు ఏకాదశిదాకా విడువలేదు. తాటాకులు కప్పినా గోడలు నాని, ఒకదాని వెంట ఒకటి కూలిపోయాయి. మేనత్త బోయిన్‌పల్లి వెళ్ళి చూచి వచ్చి, కాళ్ళు కడుగుకొని, వంటకు కూర్చున్నది. నాన్నగారు భోజనం చేసి లేచారు. ఆ సంగతి మా యింట్లో ఎవరమూ ఎత్తలేదు.

ఇప్పుడు తిథికోసం ఎవరూ ఆగరు, మంచిదే. తిథికి కట్టుబడిన ఆ మనుష్యులు చెడ్డవారు కారని చెప్పితే నమ్మేవారూ ఇప్పుడు లేరు.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు పంతులమ్మ అధ్యక్షురాలైంది. మేనత్త మళ్ళీ ఇల్లు మొదలుపెట్టలేదు. పదమూడేళ్ళకు, ప్లవ నామ సంవత్సర మార్గశిర శుద్ధ దశమినాడు, మా యింట్లోనే కాలం చేసింది.