సెమినార్ వేట

మా కాలేజీలో సెమినార్ పెట్టాలన్న ఆలోచన నాది కాదు. నలుగురి ముందు నిలబడితే నా నాలుక పిడచకట్టుకుపోతుంది. అరకు దగ్గర డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. పాఠం కూడా కిటికీకే చెబుతానని పిల్లలు నవ్వుకుంటారు.

ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరం నా ముందు పెట్టారు. "కొండ ప్రజల మౌఖిక సాహిత్యం మీద రెండు రోజుల సదస్సట. నిధులిస్తారట. నీ చేతిరాత బాగుంటుంది కదమ్మా, బేగి అప్లై చేసెయ్" అన్నారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి. చేతిరాతకి అక్కడ పనే లేదు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది నా డైరీకి తప్ప ఎవరికీ తెలీదు. డుంబ్రిగుడ సంతలో అల్లం అమ్మే ఒక ముసలామె దగ్గర కూర్చుని రెండేళ్లుగా పాటలు రాసుకుంటున్నాను. మామ్మా అని పిలుస్తాను. సామ విత్తనం కొండకి ఎలా వచ్చిందో చెప్పే పాట మొదలుపెడితే ఆమెకి అల్లం అమ్ముడైపోయినా పాట అవదు. ఇలాంటి పాటల మీద సభలు జరిగినప్పుడు పెద్దవాళ్లు వేదిక మీద మాట్లాడతారు. పాడేవాళ్లు గేటు దగ్గర థింసా ఆడి, భోజనం చేసి వెళ్లిపోతారు. మామ్మ ఒక్కసారి వేదిక మీద కుర్చీలో కూర్చోవాలి, వక్తల వరుసలో ఆమె పేరు ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

దరఖాస్తులో వక్తల వరుసలో మామ్మ పేరు మూడోదిగా వేశాను. దాని పక్కన విద్యార్హత అనే గడి ఉంది. ఖాళీగా వదిలితే పేజీ కదలదు. ఇచ్చిన జాబితాలో అన్నిటికన్నా చిన్న చదువు ఎమ్.ఏ. దాని కింద "ఇతరములు". అది నొక్కితే "వివరించండి" అంది. చాలాసేపు ఆలోచించి "పాట" అని రాశాను. పేజీ కదిలింది.

తర్వాత, వక్త తన లెటర్‌హెడ్ మీద అంగీకార పత్రం ఇవ్వాలంది.

"లేకపోతే చేయించు" అన్నారు ప్రిన్సిపాల్‌గారు, అదేదో జాకెట్టు అయినట్టు.

అరకులో పెళ్లికార్డులు వేసే కంప్యూటర్ షాపుకి వెళ్లాను. షాపతను నా వైపు చూడకుండానే, "బొమ్మ ఏటి పెట్టమంటారు మేడమ్? వినాయకుడా, శిలువా?" అన్నాడు.

"సామ కంకి" అన్నాను.

కాసేపు వెతికి, "సామ లేదు మేడమ్. వరి ఉంది. సన్నంగా లాగెత్తాను" అన్నాడు. లాగాడు. అడ్రసు అడిగితే అల్లం వరస, డుంబ్రిగుడ సంత అన్నాను. పనిరోజులు అని ఒక లైను కూడా తనే కలిపి, సంత జరిగే వారం వేశాడు.

ఆ కాగితం పట్టుకుని మామ్మ ఊరికి కొండెక్కాను. ఆమె దాన్ని దూరంగా పెట్టి చూసింది.

"ఇది వరి."

"సన్నంగా లాగేరు మామ్మా."

"ఎంత లాగితే మటుకు? వరి వరే" అని, అయినా వేలిముద్ర వేసింది. "ఇంకెన్ని కాయితాలు తెత్తావు గుంటా?"

ఇదే ఆఖరన్నాను. కాదు. వక్త చెప్పబోయే విషయం ముందే పంపాలి, అది మరెక్కడి నుంచీ తీసుకున్నది కాదని యంత్రం పరీక్షిస్తుంది. మామ్మ పాటలో మొదటి భాగాన్ని వాళ్ల భాషలోనే, తెలుగు లిపిలో టైపు చేసి పంపాను. యంత్రానికి ఆ భాష రాదు, లిపి మాత్రం వచ్చు. రిపోర్టు తెరిస్తే పేజీ అంతా ఎర్రగా ఉంది. వక్త ఈ పాటను ఫలానా పాత థీసిస్ నుంచి ఎత్తి రాశారట. దరఖాస్తు తిరస్కరించారు. సవరించి పంపడానికి వారం గడువిచ్చారు.

ఆ థీసిస్ తెప్పించుకుని చూశాను. అనుబంధం నిండా మామ్మ పాటే. ముందుమాటలో గైడుకీ, భార్యకీ, టైపు చేసినాయనకీ, జీపు డ్రైవరుకీ కృతజ్ఞతలున్నాయి. పాట కింద "పాడినది: ఒక గిరిజన వృద్ధురాలు" అని ఉంది.

మళ్లీ కొండెక్కి అది చదివి వినిపించాను. మామ్మ కొడవలి కింద పెట్టింది.

"కళ్లజోడు గుంటడు. పాట పట్టే తేపు మిసను తెచ్చినాడు. మూడు పూటలు అంబలి తాగినాడు మా ఇంట్లో. నన్ను ముసల్ది అన్నాడా?"

"వృద్ధురాలు అని రాసేరు."

"అప్పటికి నా సిన్నగుంట సంకలో ఉంది. నేను ముసల్దాన్నా?"

ఇంటి అరుగు మీదున్న ఆడవాళ్లందరూ నవ్వారు. దొంగతనం మాట ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తి, ఈ పాట పంపితే ఒప్పుకోరు మామ్మా అన్నాను.

"అది ఆ ఏటి పాట. ఈ ఏటిది వేరే" అంది. రెండేళ్లుగా రాసుకుంటున్నా నాకు తట్టని సంగతది. వాళ్ల పాటలో ఎదురుగా ఉన్నవాళ్లూ, ఆ ఏడు జరిగినవీ చేరుతూ ఉంటాయి. పాతది పాతగానే పాడితే విన్నవాళ్లని లెక్కచేయనట్టు. అక్కడికక్కడే ఎత్తుకుంది. ఈసారి పాటలో సామ విత్తనం కొండెక్కుతుంటే దారిలో ఒక పిల్ల ఎదురైంది, చేతిలో కాగితం, కాగితం మీద వరి. విత్తనాన్ని నీ చదువెంత అని అడిగారు. నేను తల వంచుకుని రాసుకుంటూ పోయాను. అది టైపు చేసి పంపితే యంత్రం ఒక్క ఎర్రగీతా పెట్టలేదు.

ఇక విశాఖలో నిధులిచ్చే కమిటీ ముందు పది నిమిషాలు మాట్లాడాలి. కొండ ఊళ్లలో చేసుకునే ఇటుకల పండగ దగ్గరకొచ్చింది. ఆ రోజుల్లో మగవాళ్లు వేటకెళ్తారు. ఉత్త చేతులతో వచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు.

"నువ్వూ పట్నం వేటకి ఎళ్తన్నావు" అంది మామ్మ కోడలు. "ఉత్తినే వొత్తే తెలుసు గదా మేడమ్."

కమిటీలో ముగ్గురున్నారు. నేను చూసి చదవడం పూర్తయ్యాక మధ్యలో కూర్చున్నాయన, "ఈ మూడో వక్తకి ప్రచురణలు ఏవీ లేవే. సాంస్కృతిక కార్యక్రమంలో పెట్టుకోండి. సాయంత్రం పాడిస్తే బాగుంటుంది" అన్నాడు.

గేటు దగ్గర థింసా, ఆ తర్వాత భోజనం గుర్తొచ్చాయి. నా సంచిలో మొదటి రిపోర్టు ఉంది. తీసి బల్ల మీద పెట్టాను.

"ఉన్నాయండి" అన్నాను, బల్ల మీదున్న నీళ్ల సీసాతో. "ఈ రిపోర్టులో ఉన్న థీసిస్, అనుబంధం మొత్తం. ఆవిడదేనని మీ యంత్రమే పట్టుకుంది."

ముగ్గురూ ఆ ఎర్ర పేజీ మీదకి వంగారు. ఒకాయన నన్ను థీసిస్ నంబరు అడిగి, ప్రచురణలు అన్న గడిలో రాసుకున్నాడు. పక్కాయన గొంతు సవరించుకుని, "వృద్ధురాలంటున్నారు, ప్రయాణం చేయగలరా?" అన్నాడు. ఆవిడ వారం వారం సంతకి కొండ దిగి ఎక్కుతారని చెప్పాను.

మంజూరు ఉత్తరం పండగ రోజుల్లోనే వచ్చింది. రెండు రోజులు అడిగితే ఒక్క రోజే ఇచ్చారు. ప్రింటు తీసుకుని కొండెక్కాను. ఆడవాళ్లు ఊరి మొదట్లో పేడనీళ్ల కుండ పెట్టుకుని వేటవాళ్ల కోసం కాసుకుని ఉన్నారు.

"ఏటి తెచ్చావు?" అంది మామ్మ.

"ఒక్క రోజే ఇచ్చేరు మామ్మా."

"నా పేరుందా?"

"ఉంది. వక్తల్లో, మూడోది."

"కుర్సీ?"

"కుర్చీ ఉంది."

వాళ్ల భాషలో కాసేపు గట్టిగా వాదించుకున్నారు. ఇది వేట కిందకి వస్తుందా రాదా అని. చివరికి మామ్మ దోసెడు పేడనీళ్లు తీసుకుని, "సగం తెచ్చింది" అని తీర్పు చెప్పి, నా ఎడమ కాలి మీద మాత్రం పోసింది.