కత్తెర తగలని తల

"ఎలాగూ పోయే జుట్టే కదా" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా బావ చివరి రోజుల్లో ఆ మాట అననివాళ్ళు లేరు. ఆసుపత్రిలో అన్నారు, కింది వాటా వాళ్ళు అన్నారు, ఆఖరికి సొంత అన్న కూడా అన్నాడు. అందరూ మంచివాళ్ళే. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి ఊరుకుందును. ఈ మంచివాళ్ళ మీద కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇన్నాళ్ళూ మోస్తున్నాను.

బావ సిక్కు. అక్క ఇష్టపడి చేసుకుంది. అతనిది అద్దాల పని. కిటికీలకీ బీరువాలకీ షాపు తలుపులకీ గాజు కోసి బిగించేవాడు. దుకాణం పెద్దదేం కాదు. ఒక షట్టరు, గోడకి ఆనించి నిలబెట్టిన గాజు పలకలు, మధ్యలో పాత కంబళి పరిచిన బల్ల, అంతే. స్కేలు ఆనించి ఒక్క గీత గీసేవాడు. పలకని బల్ల అంచుకి జరిపి కొంచెం నొక్కితే టక్కున విడిపోయేది. చప్పుడు వినే, అంచు బాగా వచ్చిందో లేదో చెప్పేవాడు.

"రోజంతా కోతే నీ పని. నీ తల దగ్గరికొచ్చేసరికి మాత్రం కోయడం రాదా బావా?" అని ఉడికించేవాణ్ణి.

"గాజు నేను కొనుక్కొచ్చిందిరా బామ్మర్దీ. తల ఎక్కడ కొన్నాను?"

వాళ్ళ పెళ్ళయిన కొత్తలో ఒకనాడు వేళాకోళం మాని నిజంగానే అడిగాను. స్నానం చేసి వచ్చి, వరండాలో స్టూలు మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాడు. నడుం దాటి వేలాడుతోంది. చిన్న చెక్క దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీసుకుంటున్నాడు. అంత బండ వేళ్ళు అంత నెమ్మదిగా కదలడం నేను ఇంకెక్కడా చూడలేదు.

"దేవుడిచ్చిన ఒంటికి మనం మరమ్మతులు చెయ్యకూడదు. అది మా అమ్మ చెప్పిన మాట," అన్నాడు. "మా నాన్న ఇంకోటి చెప్పేవాడు. సిక్కు అన్నవాడు వెయ్యి మందిలో ఉన్నా కనబడాలట. దాక్కోవడానికి వీల్లేకుండా. రోడ్డు మీద ఎవరికైనా ఆపదొస్తే, అదుగో పాగా ఆయన ఉన్నాడు అని నా దగ్గరికి పరిగెత్తుకు రావాలి. జుట్టు తీసేశాననుకో, నేనూ జనంలో కలిసిపోయి తల తిప్పుకుని వెళ్ళిపోవచ్చు."

"మరి చూసి నవ్వేవాళ్ళో?"

"వాళ్ళకీ నేనే కనబడతాను. ఏం చేస్తాం!"

నవ్వేవాళ్ళకి కొదవ లేదు. "ఆ మూటలో ఏం దాచావు సర్దార్?" అని అడిగేవాళ్ళు. "మెదడు. నీకేమైనా కావాలా?" అనేవాడు. మా బావ శాంతమూర్తి అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. ఒక ఫర్నిచర్ షాపతను వెనకనుంచి వచ్చి పాగా మీద దరువేశాడు. బావ చేతిలో పలక జాగ్రత్తగా కింద పెట్టి, ఆ మనిషిని కాలరు పట్టి రోడ్డు మీదికి నడిపించి, తిరిగి వచ్చి పలక ఎత్తుకున్నాడు. పెద్ద బేరం పోయిందని అక్క సణిగితే, "ఆ పెద్ద బేరగాడి గుండు మీద నువ్వు వెళ్ళి వాయించిరా, అప్పుడు మాట్లాడదాం," అన్నాడు. అక్కకి నవ్వొచ్చి తగువు అక్కడితో ఆగిపోయింది.

తర్వాత రక్తంలో జబ్బు వచ్చింది. రెండో విడత మందు ఎక్కించాక జుట్టు రాలడం మొదలయింది. పొద్దున దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. అయినా పొద్దునా సాయంత్రం దువ్వుకోవడం మానలేదు. దిండు మీద రాలినవన్నీ అక్క ఏరి గుడ్డలో చుట్టేది. చెత్తబుట్టలో వెయ్యనిచ్చేది కాదు.

వార్డు సిస్టరు చూసి చూసి ఒకరోజు అంది. "ఎందుకండీ ఈ బాధ? గుండు చేయించెయ్యండి. పక్క శుభ్రంగా ఉంటుంది. ఎలాగూ పోయే జుట్టే కదా."

"సూది ఎక్కడ గుచ్చాలో మీరు చెప్పండి, చెయ్యి చాపుతాను. తల సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు బావ.

ఆమె వెళ్ళాక నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. "ఒరేయ్, రాలితే అది జబ్బు పని. కోస్తే అది నా పని. జబ్బుని నేనేం అనలేను. నా చేత్తో నేను ఇన్నేళ్ళూ చెయ్యనిది, నాకు తెలివి లేనప్పుడు ఎవడో చేసి పోకూడదు. మీ అక్క ఒక్కత్తే కాచుకోలేదు. నువ్వు చూసుకో."

సరేనన్నాను. మనిషి బతుకుతాడో లేదో తెలియని చోట అతను అడిగింది అదొక్కటే.

ఇక చెయ్యగలిగిందేం లేదని డాక్టర్లు చెప్పాక ఇంటికి తీసుకొచ్చేశాం. ఒక మధ్యాహ్నం అక్క మందుల షాపుకి వెళ్ళింది. నేను వంటగదిలో జావ కాస్తున్నాను. బావ మందు మత్తులో నిద్రపోతున్నాడు. వాళ్ళన్నయ్య చూడటానికి వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను ఆయన్ని పెద్దబావ అంటాను. కుర్రతనంలోనే జుట్టు కత్తిరించుకున్నాడు. బావ దాని గురించి ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు.

గదిలోంచి తుమ్మెద రొద లాంటి చప్పుడొచ్చింది. గరిటె వదిలేసి పరిగెత్తాను. బావ మెడ కింద తువ్వాలు పరిచి ఉంది. పెద్దబావ చేతిలో జుట్టు తీసే మిషను. వైరు గోడ దాకా సాగి ఉంది.

"అరవకు. లేస్తాడు," అన్నాడు ఆయన.

"లేవకూడదనుకున్నావంటే, ఇది తప్పని నీకూ తెలుసు!" అప్పటిదాకా ఆయన్ని 'మీరు' అని తప్ప పిలిచి ఎరగను.

"నీకేం తెలుసురా మా ఇంటి సంగతి? దువ్వెన చూసుకుని వాడు ఏడుస్తుంటే నేను చూడలేకపోతున్నాను. ఎలాగూ పోయే..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. వైరు పట్టి లాగాను. దాంతోపాటు బల్ల మీది గ్లాసు కూడా వచ్చి నేల మీద పడి పగిలింది. బావ కళ్ళు తెరిచాడు. తువ్వాలు చూశాడు, అన్నయ్య చేతిలోది చూశాడు. చెయ్యి తల దాకా ఎత్తబోయాడు గానీ అందలేదు.

"తగిలిందా?" అన్నాడు నాతో.

"లేదు బావా."

అన్నయ్య వైపు తల తిప్పాడు. "అన్నయ్యా, నేను ఏడిస్తే నీకేం నష్టం? ఏడవనీ. నా జుట్టు కోసం కూడా నేను ఏడవకూడదా?"

పెద్దబావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి వెయ్యలేదు. ఈనాటికీ వెయ్యదు. ప్రేమ ఉన్నంత మాత్రాన నిద్రపోయేవాడి తల మీద హక్కు వచ్చేస్తుందా?

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, మందుల సంచీ చేతిలోనే ఉంది. "బావగారూ," అంది, గొంతు పెంచకుండా. "ఆయన నిద్రపోతుండగా చేసే మేలు ఏదైనా సరే, నా ఇంట్లో వద్దు. అది తీసుకుని వెళ్ళండి."

ఆ తర్వాత బావ ఎక్కువ కాలం లేడు. మా ఇద్దరిలో ఒకరం మంచం దగ్గర లేని గంట లేదు. తెల్లవారుతుండగా పోయాడు. గురుద్వారా నుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళూ నేనూ కలిసి స్నానం చేయించాం. తల తడిపితే మిగిలిన వెంట్రుకలు నుదుటికీ చెవుల వెనకా అంటుకున్నాయి. అక్క దువ్వెన తీసుకుంది. చిక్కుపడటానికి ఏమీ లేకపోయినా చిక్కు తీసినట్టే దువ్వింది. అన్నీ కలిపితే నడినెత్తిన చింతగింజంత ముడి వచ్చింది.

"పాగా నేను కడతానమ్మా," అన్నాడు పెద్దబావ తలుపు దగ్గరనుంచి.

"వద్దు," అంది అక్క, వెనక్కి తిరగకుండా.

ఉతికిన నీలం గుడ్డ విప్పి ఒక కొస నా చేతికిచ్చింది. దాన్ని మడత వెయ్యాలంటే ఇద్దరు చెరో కొసా పట్టుకుని బిగువుగా లాగాలి. నేను వదులుగా పట్టుకున్నాను. గుడ్డ మధ్యలో జారిపోయింది.

"గట్టిగా లాగరా," అంది అక్క.

గోడకి వీపు ఆనేదాకా వెనక్కి జరిగి లాగాను.