కోడలి మీద పడ్డ వాన

మీ ఇంట్లో పెళ్ళి రోజున వాన పడితే మీరు ఎవర్ని నిందించారు? నిజం చెప్పండి. పీటల మీద తలవంచుకుని కూర్చున్న పిల్లతో "చిన్నప్పుడు పచ్చి బియ్యం బొక్కి ఉంటావు, అందుకే ఈ వాన" అన్నారా లేదా? అని నవ్వారా లేదా? నవ్వే ఉంటారు. ఆ నవ్వు ఎంత దూరం పోతుందో కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను.

మా మేనకోడలి పెళ్ళి తొంభైల నడిమిలో, ఒక కార్తీక మాసంలో జరిగింది. మాది నేతపని కుటుంబం. మా అక్కా బావా మగ్గం మీదే బతికారు. నేనొక్కణ్ణే చదువుకుని విజయవాడలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు హేతువాద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. మగపెళ్ళివారిదీ నేత ఇల్లే. పామర్రు దాటాక వాళ్ళ ఊరు. పెళ్ళి అక్కడే పెట్టుకున్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రేడియోవాళ్ళు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. షామియానా సంగతి కాస్త ఆలోచించండని నేనంటే మా అక్క నా నోరు మూసింది.

"శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఆ పాడు మాట ఎందుకురా ఎత్తుతావు? పైన తథాస్తు దేవతలుంటారు."

వాయుగుండం సముద్రంలో ఉన్నా ఫరవాలేదు, నా నోట్లో మాత్రం ఉండకూడదు!

తలంబ్రాల వేళకి రానే వచ్చింది. షామియానా గుడ్డ లేచి కొబ్బరిచెట్టుకి చుట్టుకుంది. వంటవాళ్ళు గుండిగలు ఎత్తుకుని పక్కింటి వసారాలోకి పరుగెత్తారు. తడిసిన జనం అరుగుల మీదికెక్కి ఒకళ్ళనొకళ్ళు నెట్టుకుంటుంటే, వాళ్ళలోంచి ఎవరో కేక వేశారు.

"ఓయమ్మో, పిల్ల బియ్యం బస్తాడు బొక్కినట్టుందే!"

అందరూ నవ్వారు. మా పిల్ల తల ఇంకాస్త దించుకుంది. నా పక్కన విజయవాడ వన్‌టౌన్ నుంచి వచ్చిన నా మిత్రుడు నిలబడి ఉన్నాడు. బట్టల వ్యాపారి, మా బావ నేసిన చీరలు కొనే ముస్లిం సోదరుడు. ఆయన నా చెవిలో అన్నాడు: "మా ఇళ్ళల్లో గిన్నె నాకినోళ్ళ పెళ్ళికి వాన పడుద్దంటారు సార్. మీకు బియ్యం, మాకు గిన్నె. దొరికేది మాత్రం పెళ్ళికూతురే."

మర్నాటికి వాన వెలిసింది. నీళ్ళు మాత్రం పోలేదు. ఆ వీధిలో అన్నీ గుంట మగ్గాలు. నేసే మనిషి కాళ్ళు లోపల పెట్టుకుని తొక్కే గొయ్యి ఇంటి నేలలోనే ఉంటుంది. ఆ గోతులన్నిట్లోకీ నీళ్ళూరాయి. మగ్గాలు ఆగిపోయాయి. నీళ్ళు తోడీ తోడీ విసిగిన ఆడవాళ్ళు కొత్తకోడల్ని చూడవచ్చి గుమ్మంలోనే అన్నారు: "వచ్చిందమ్మా మహాతల్లి, వస్తూ వస్తూ సముద్రాన్ని వెంటేసుకొచ్చింది." ఆ రోజే ఆమెకు పేరు పడింది. తుఫానమ్మ.

నేను ఊరుకోలేక వీధి వెనక్కి వెళ్ళి చూశాను. అక్కడున్న మురుగు డ్రైను గుర్రపుడెక్కతో నిండిపోయి పచ్చటి చేనులా ఉంది. దానికి కిందవైపున ఎవరో చేపల చెరువు కోసం గట్టు పోశారు. నీళ్ళు పోవడానికి దారి లేదు. తిరిగొచ్చి పిల్ల మామగారికి చెప్పాను. ఆయన చుట్ట వెలిగించుకుంటూ నావైపు జాలిగా చూశాడు.

"డ్రైను సంగతి ఎవరికి తెలవదు బావగారూ? డ్రైనుని తిడితే వింటుద్దా? గట్టు పోసినోణ్ణి తిడితే వింటాడా?"

"మరి?"

"కోడలైతే వింటుద్ది."

ఆయన హాస్యానికే అన్నాడు. ఎన్నో సభల్లో ఎంతోమంది పండితులతో వాదించాను గాని, మన మూఢత్వానికి ఇంత నిజాయితీ గల వివరణ ఎవరి నోటా వినలేదు.

చెప్పొద్దూ, వాన గురించి మా నేతవాళ్ళకున్నన్ని మాటలు చాలామందికి ఉండవు. తుంపర వేరు, చినుకు వేరు, జల్లు వేరు, ముసురు వేరు. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు, అంటే చీర నిలువు దారాలు పరిచి, వాటికి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండకు ఆరబెట్టుకోవాలి. తుంపరైతే కాసేపు ఆగుతారు. జల్లైతే పడుగు చుట్టేస్తారు. ముసురు పట్టిందంటే ఆ రోజుకి పని మానేస్తారు. ఇంత సన్నగా వానను చూడగల భాష, పెద్దగాలి వచ్చేసరికి చూడ్డం మానేసి తిట్టడం ఎందుకు మొదలుపెడుతుంది? దేవుడి ఆగ్రహం, గంగమ్మ కోపం, కోడలి అడుగు. ఈ మాటల్లో గాలి ఉందా? నీరుందా? పూడిపోయిన డ్రైను ఉందా?

పేరుతో ఆగినా బాగుండేది. మా పిల్ల పుట్టింట్లో మగ్గం నేర్చినదే. జాకెట్టు అంచు దగ్గర నుంచి పట్టుచీర కొంగు దాకా నేయగలదు. కాపరానికి వెళ్ళాక అత్తగారు ఆమెను పడుగు దగ్గరికి రానివ్వలేదు. వీధిలో పడుగు పరిచిన పూట, గంజి ఆరిందాకా ఆమె గడప దాటకూడదు. ఒక మూల కూర్చుని దారపు కండెలు చుట్టుకోవాలి. మబ్బు పడితే మగ్గం ఉన్న గదిలోకే పోకూడదు. ఇదంతా నేను సెలవుల్లో చూడ్డానికి వెళ్ళినప్పుడు తెలిసింది.

"మరి మీ ఆయన ఏమంటాడమ్మా?" అని అడిగాను.

"ఏమంటారు మావయ్యా? 'అమ్మతో ఎందుకులే' అంటారు."

అతను మంచివాడే. నోరు తెరవని మంచితనం.

నేను నోరున్నవాణ్ణి కదా! అత్తగార్ని కూర్చోబెట్టి, సుద్దముక్కతో నేలమీద బంగాళాఖాతం గీశాను. సముద్రం వేడెక్కడం, గాలి పైకి లేవడం, చుట్టుపక్కల గాలి సుడి తిరుగుతూ రావడం, అంతా తరగతిలో చెప్పినట్టే చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ ఓపిగ్గా విన్నది.

"అంతా బానే చెప్పారు అన్నయ్యగారూ. అంత పెద్ద సముద్రంలో పుట్టిన గాలికి సరిగ్గా ఆ పూట మా ఇంటి దారి ఎవరు చెప్పారంటారు?"

"ఎవరూ చెప్పలేదు చెల్లెమ్మా. జిల్లాలో సగం ఊళ్ళకి ఆ గాలే వచ్చింది. ఆ ఊళ్ళన్నిట్లోనూ మీ కోడలు కాపరానికి వచ్చిందా?"

"వాళ్ళ కోడళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు లెండి."

నా మేనకోడలు తలుపు చాటున నవ్వాపుకోవడం కనిపించింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మరుసటి ఏడు మళ్ళీ వాయుగుండం కబురొచ్చింది. అప్పుడు మగ్గాల మీద సంక్రాంతి బేరానికి నేస్తున్న చీరలున్నాయి. వాటిని కాపాడుకోవడానికి ఆ ఇల్లు చేసిన ఏర్పాటు ఏమిటో తెలుసా? డ్రైను తీయించడం కాదు, మగ్గం గోతుల చుట్టూ మట్టిగట్టు వేయడం కాదు. కోడల్ని బస్సెక్కించి విజయవాడలో మా ఇంటికి పంపించేశారు! పిల్ల చేతిసంచీతో మా గుమ్మంలో నిలబడి, "మావయ్యా, తుఫాను మీ ఊరొచ్చింది" అంది. నవ్వుతూనే అంది. మా ఆవిడ చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

విజయవాడలో ఆ రెండ్రోజులూ ఎండ కాసింది. వాళ్ళ ఊళ్ళో కుండపోత. గోతులన్నీ మళ్ళీ నిండాయి. ఇంకేముంది, గెలిచాననుకున్నాను. వాళ్ళ పక్కింటి నంబరుకి ఫోను చేసి అత్తగార్ని పిలిపించాను.

"ఇప్పుడేమంటారు చెల్లెమ్మా? పిల్ల ఇక్కడే ఉంది, ఇక్కడ చినుకు లేదు."

అటునుంచి ఒక నిట్టూర్పు. "బస్సెక్కేటప్పుడు వద్దంటున్నా వెనక్కి తిరిగి చూసిందండీ."

ఫోను పెట్టేసి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. ఉంటే ఉన్నందుకు, పోతే చూసినందుకు! ఇలాంటి నమ్మకాన్ని ఏ సాక్ష్యంతో ఓడిస్తారు? పిల్ల నా పక్కనే నిలబడి అంతా విన్నది.

"నువ్వు మా అత్తయ్యను ఓడించాలని చూస్తున్నావు మావయ్యా. నాకు ఆవిడ ఓడక్కర్లేదు. నాకు మగ్గం కావాలి."

వాన తగ్గాక ఆమెను నేనే తీసుకెళ్ళి దింపాను. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లవారుతూనే వీధిలో పడుగు పరిచారు. గంజి పట్టించడం మొదలయ్యాక, రెండో కొసన కుంచె పట్టాల్సిన మనిషి జ్వరమొచ్చి రాలేనని కబురు పెట్టాడు. గంజి ఆగితే దారాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మామగారు అటూ ఇటూ చూస్తున్నాడు. మా పిల్ల చీర కొంగు దోపుకుని గడప దాటింది.

"ఆగవే! నువ్వు రాబోకు, మబ్బు పట్టుద్ది" అని అత్తగారు కేక వేసింది.

నేను గొంతు సవరించుకున్నాను. పిల్ల నావైపు చూసి, "నువ్వు మాట్లాడకు మావయ్యా" అంది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "మబ్బు పడితే పట్టనీ అత్తయ్యా. నేను రాకపోతే పడుగు ఇప్పుడే పోద్ది."

కుంచె అందుకుంది. మామగారు ఒక్క క్షణం ఆగి, అవతలి కొస నుంచి తన పని తాను మొదలుపెట్టాడు. చుట్టుపక్కల అరుగుల మీదున్న ఆడవాళ్ళంతా పడుగును వదిలేసి ఆకాశం వంక చూస్తున్నారు! ఎండ వచ్చింది. దివ్యంగా కాసింది. పడుగు ఆరింది. ఎండ తెచ్చిందని ఆ పిల్లకు ఒక్కరూ పేరు పెట్టలేదు.

ఆ రోజు నుంచి ఆమె మగ్గం ఎక్కింది. ఆ ఇంట్లో మంచి నేతగత్తె అనిపించుకుంది. కాని పేరు పోలేదు. ఇంతలో రెండువేల సంవత్సరం దాటింది, ఇంటింటికీ వార్తల చానళ్ళు వచ్చాయి. అవి ఆ వీధికి చదువు చెబుతాయనుకున్నాను. వరుణుడు పగబట్టాడట. ప్రకృతి కన్నెర్ర చేసిందట. రాకాసి గాలి ఊళ్ళను మింగిందట. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు విజయవాడలో ఒక పత్రికలో చేరితే పట్టుకుని అడిగాను. "సార్, డ్రైనులో గుర్రపుడెక్క అని రాస్తే ఎవరు చదువుతారు సార్? వరుణుడి ఆగ్రహమంటే ఫ్రంటు పేజీ" అన్నాడు. అత్తగారు బడికి పోలేదు. వీడికేమొచ్చింది?

ఆ మధ్య మేనకోడలు ఫోను చేసింది. ఆమె కూతురు అప్పుడు రెండో తరగతి. బడిలో ఆటల పోటీలట, తల్లిదండ్రుల్ని రమ్మన్నారట. పిల్ల మాత్రం తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, నువ్వు రావద్దే. నువ్వొస్తే వాన పడి మా పరుగుపందెం ఆగిపోద్దంట" అన్నదట.

చెబుతూ చెబుతూ మా మేనకోడలు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. వీధిని ఎదిరించి కుంచె అందుకున్న మనిషి, తన కూతురికి ఏం చెప్పాలో తెలియక నన్నడిగింది. పెళ్ళిపందిట్లో వేసిన ఒక హాస్యం, అప్పటికి పుట్టనైనా పుట్టని పిల్ల నోట్లోంచి తల్లి మీదకి తిరిగొచ్చింది.

ఆ పూట నేను బంగాళాఖాతం గీయలేదు. బస్సెక్కి వెళ్ళాను. పోటీల రోజున ఆ తల్లిని వెంటబెట్టుకుని బడికి నడిచాను. గేటు దగ్గరున్న ఆడవాళ్ళు "తుఫానమ్మ వచ్చింది" అన్నారు. "ఈమెకు పేరుంది. ఆ పేరుతో పిలవండి" అని నేను గట్టిగా అన్నాను. ఆమె పేరు చెప్పాను. వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. పక్కనే ఆమె కూతురు వింటోంది.

ఇది నేనొక్కణ్ణి ఒక్క బడి దగ్గర చేస్తే చాలదు. మీ వీధిలోనూ ఒకామె ఉంది. గాలికో, వరదకో, కరువుకో, ఎవరి చావుకో మీరంతా కలిసి ఆమె పేరు మార్చేశారు. ఆమె ఎవరో మీకు తెలుసు. ఈ పుస్తకం మూసెయ్యండి. లేవండి. ఆమె గుమ్మం ముందుకు వెళ్ళి, వీధి వీధంతా వినేలా, ముఖ్యంగా ఆమె పిల్లలు వినేలా, ఆమెను సొంత పేరుతో పిలవండి.