అయ్యసామి మూడోవంతు

“ముగ్గురికీ ముప్పైమూడేసి పోతే ఏడికి పోయె ఆ ఒక్క సెంటు? నువ్వు మింగితివాన్నా?”

“నేనెందుకు మింగుదునురా. దాన్ని పదిగా కోసి తలా మూడు ముక్కలు పెడితిని. మళ్లీ ఒకటి మిగిలె.”

తిరుమంగళం పక్క నల్లరేగడిలో, తండ్రి విడిచిపోయిన ఒక్క ఎకరం మీద ముగ్గురు అన్నదమ్ముల జగడం ఇది. ఎకరానికి నూరు సెంట్లని కుంపిణీ సర్వేవాళ్లు కొత్తగా లెక్క పెట్టి పోయారు. పెద్దవాడు అయ్యసామి నాయకర్ ఒకచోట నిలబడే మనిషి కాడు. మడమతో మట్టిగడ్డలు చిదుపుతూ, మొలతాడు మెలిపెడుతూ గట్టు మీద తిరుగుతూనే ఉంటాడు. ఆ రోజు మిగిలిన ముక్కనల్లా పదిగా కోసుకుంటూ, మట్టిలో మూడు పక్కన మూడు గీసుకుంటూ గట్టు చివరిదాకా పోయాడు. మిగులు చిన్నదైంది గానీ తీరలేదు. విసుగెత్తి, మోట తాడును చేని వెడల్పుకు కోసి మూడు మడతలు వేశాడు. మూడు పాళ్లూ సరిసమానంగా వచ్చాయి, ఏమీ మిగల్లేదు. తమ్ముళ్లు నవ్వుకుంటూ గట్లు వేయడానికి పోయారు. అతను మాత్రం తాడునూ అంకెలనూ మార్చి మార్చి చూసి, ఊళ్లో కాగితాలు రాసిపెట్టే నా దగ్గరికి వచ్చాడు.

“తంబీ, కాలేజీ చదువు మధ్యలో విడిచినా నీకు రాసేది తెలుసు గదా. పంపకం కాగితంలో నా భాగం అంకెల్లో వేయొద్దప్పా. మూడోవంతు అని మాటగా రాయి. ఆ మూళ్లు మొదలైతే నాకు నిలిచే తావు లేదు.”