బాలనర్సయ్య కొలత

మనిషిని కొలవనిదే బాలనర్సయ్య మోటరు ముట్టడు. సిద్దిపేటలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. స్టార్టరు కాలిందని కబురు పెడితే సైకిలు మీద వస్తాడు, టెస్టరు కంటే ముందు టేపు తీస్తాడు. ఆ టేపుతో కొలిచేది మోటరును కాదు, దాన్ని నడిపే మనిషిని. గోడకు నిలబెట్టి భుజం, చెయ్యి, మోకాలు వరసగా కొలిచి, చెవి మీది పెన్సిలు తీసి నోటుబుక్కులో రాసుకుంటాడు. దర్జీ పని నేర్చుకోబోయి దారితప్పి కరెంటు పనిలో పడ్డాడని ఊళ్లో నవ్వుకుంటారు. నవ్వినవాళ్లను కూడా ఆయన నవ్వకుండానే కొలుస్తాడు.

పిండిగిర్ని పెంటవ్వను కొలిచిన రోజు గిర్నిలో జనం గోధుమలు మరిచిపోయి చూశారు.

"నన్నెందుకు కొలుస్తున్నవ్ బిడ్డా? రైక కుట్టిస్తవా?"

"నీకు కాదవ్వా, మోటరుకు."

"మోటరుకు రైకనా!"

అందరూ పడీపడీ నవ్వారు. బాలనర్సయ్య మాత్రం గంభీరంగా పెంటవ్వ భుజం ఎత్తు రాసుకుని, గోడ మీది బటన్లను అక్కడికి దించి పోయాడు. అప్పటిదాకా స్టూలెక్కి బటను నొక్కిన పెంటవ్వ ఆ రోజు నుంచి నేల మీదే నిలబడి నొక్కుతోంది. స్టూలు సంగతి ఎవరికీ గుర్తులేదు. టేపు సంగతి మాత్రం అందరికీ గుర్తుంది.

ఆయన గొప్పగా చెప్పుకునేది ఒక్కటే: "నా కొలత తప్పదు." చేర్యాలలో ఒక మిల్లు యజమాని బటను జానెడు కిందికి వచ్చినట్టుందని నోరు జారాడు. బాలనర్సయ్య బిగించింది విప్పి, ఆయన్ను మళ్లీ గోడకు నిలబెట్టి కొలిచి, అంగుళం తేడా లేదని ఆయన నోటితోనే ఒప్పించి, తిరిగి అక్కడే బిగించాడు. ఈలోగా సిద్దిపేట బస్సు వెళ్లిపోయింది. పోతే పోయిందన్నాడు.

అలాంటి మనిషి టేపు పట్టుకుని తన షెడ్డులోకి వస్తుంటే లేత్ మిషన్ సిద్ధయ్యకు గుండెలో రాయి పడింది.

ఇనుమును తిప్పుతూ చెక్కే ఆ లేత్ సిద్ధయ్యకు తండ్రి ఇచ్చిపోయింది. దాని మోటరును నడిపి ఆపే స్టార్టరు పెట్టె గోడ మీద, కుడివైపు, తలకంటే ఎత్తులో ఉంటుంది. పోయిన వానాకాలం నుంచి సిద్ధయ్య కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. పనిముట్టు పట్టుకోవడానికి ఇబ్బంది లేదు, పనిలో వాసి తగ్గలేదు. పైకి మాత్రం లేవదు. ఆ సంగతి భార్య లక్ష్మమ్మకు కూడా చెప్పలేదు. ఆమెకు తెలిస్తే కొడుకు కార్తీక్‌కు తెలుస్తుంది. కార్తీక్ ఇప్పటికే "సాలు నాయినా, మిషన్ అమ్మేద్దాం" అంటున్నాడు. చెయ్యి సంగతి తెలిసిందంటే మర్నాడే లారీ తెస్తాడు. లేత్ లేని పొద్దు ఎలా గడుస్తుందో సిద్ధయ్య ఊహించుకోలేకపోయాడు, ఊహించుకోవాలన్నా భయమేసింది.

అందుకని వెదురు కట్టె ఒకటి దగ్గర పెట్టుకున్నాడు. దాంతోనే స్టార్టరు బటన్లు పొడిచేవాడు. ఎవరైనా అడిగితే, "బల్లులు మస్తయినయ్, కొడుతున్న" అనేవాడు. ఆర్నెల్ల పోట్లకు స్టార్టరు మూత పగిలింది, లోపలి తీగలు వదులై చివరికి మాడిపోయాయి, బాలనర్సయ్యను పిలవక తప్పలేదు.

పైగా ఆ పూటే నంగునూరు గజేందర్ ట్రాక్టరు షాఫ్టు తెచ్చి, అయ్యేదాకా కదలనని బల్ల మీద కూర్చున్నాడు. గజేందర్ మనిషి మంచివాడే. కానీ ఆయన కంటపడ్డ సంగతి పాతబస్టాండు చేరడానికి ఒక్క చాయ్ తాగినంత సేపు చాలు.

బాలనర్సయ్య మెయిన్ స్విచ్చు బందుచేసి, ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. టేపు విప్పాడు.

"నర్సయ్యా, నన్ను ముప్పై ఏండ్ల సంది చూస్తలేవా? పాత కొలతలే ఏసుకో" అన్నాడు సిద్ధయ్య.

"మనిషి ఏడాదికో తీరుగుంటడు. గోడకు నిలబడు. చెయ్యి లేపు."

సిద్ధయ్య ఎడమచెయ్యి ఎత్తాడు.

"కుడిది."

"అంగి చినుగుతది. కొత్తది."

మోచేతుల దగ్గర రెండు చిల్లులున్న ఆ అంగిని బాలనర్సయ్య ఎగాదిగా చూశాడు. గజేందర్ కూడా చూశాడు. సిద్ధయ్య కుడిచెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత పళ్లు బిగబట్టినా అంతే. బాలనర్సయ్య టేపు అక్కడే ఒక్క క్షణం ఆపాడు. తర్వాత పగిలిన స్టార్టరు మూత చూశాడు. దాని మీద కట్టె పోట్ల గుర్తులు చూశాడు. మూలనున్న వెదురు కట్టె చూశాడు.

"గా కట్టెందుకు?"

"బల్లులకు" అన్నాడు సిద్ధయ్య.

బాలనర్సయ్య 'ఊఁ' అని రాసుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ లేనిది, సిద్ధయ్య మోకాలి ఎత్తు రెండుసార్లు కొలిచాడు.

"ఏందన్నా, పెండ్లి పిలగానికి ప్యాంటు కుడుతున్నవా?" అన్నాడు గజేందర్. బాలనర్సయ్య స్టార్టరు మూత విప్పాడు.

మాడిన తీగలన్నీ లాగేశాడు. కొత్త స్టార్టరు పాతదాని చోటే గోడకు బిగించాడు. కానీ బటన్లకు వేరే తీగ కిందికి తెచ్చి, నడిపే పచ్చదాన్నీ ఆపే ఎర్రదాన్నీ సిద్ధయ్య ఎడమచేతికి అందేలా మిషన్ తలకాయ పక్కన అమర్చాడు. సరిగ్గా మోకాలి దగ్గర ఇంకో ఎర్ర బటను పెట్టాడు. ఫ్యూజులు జేబులోంచి తీసి ఎక్కించి మెయిన్ వేశాడు.

"తీగెలు మార్చిన, ఎటు తిరుగుతదో చూడాలె. పచ్చది నొక్కు, వెంటనే బందుపెట్టు. గజేందరూ, నువ్వు ఎన్కకు జరుగు."

సిద్ధయ్య పచ్చది నొక్కాడు. మోటరు గుర్రుమని ఉల్టా తిరిగింది. పాత లేత్ ఉల్టా తిరిగితే ముందు ఇనుప ముక్కను పట్టి తిప్పే బరువైన చక్కు మరలు ఊడి మీద పడొచ్చు. ముప్పై ఏళ్ల అలవాటున సిద్ధయ్య కుడిచెయ్యి గోడ మీది పాత బటన్ల చోటు వైపు లేచింది. భుజం దగ్గర ఆగిపోయింది. అంతలో మోకాలు తనంతట తాను ముందుకు పోయి ఎర్ర బటనుకు తగిలింది. మిషన్ ఆగింది.

గజేందర్ దగ్గరికి వచ్చాడు.

"సిద్ధన్నా, నీ చెయ్యి ఏమైందే? పైకి లేస్తలేదా?"

సిద్ధయ్య కళ్ల ముందు లారీ కనబడింది.

"ఆని చెయ్యికేమైంది?" అన్నాడు బాలనర్సయ్య గట్టిగా. "గోడ మీద బటను లేదని యాదికొచ్చి చెయ్యి నడుమనే ఆపిండు. తప్పు నాది. బటన్లు గోడకే పెట్టాల్సింది, కిందికొచ్చినయ్. కొలత తప్పిన."

గజేందర్ తన చెవులను తానే నమ్మలేకపోయాడు. "నువ్వా? కొలత తప్పినవా?"

"తప్పిన."

"గంత గనం కొలిచి?"

"గనం కొలిచే తప్పిన. వయసైతలేదా నాకు?"

గజేందర్ చెయ్యి సంగతి అక్కడికక్కడే మరిచిపోయాడు. అంతకంటే పెద్ద వార్త దొరికింది మరి. షాఫ్టు సాయంత్రానికి తీసుకుపోతానని చెప్పి, చెప్పుల్లో కాళ్లు సగమే దూర్చి పాతబస్టాండు వైపు నడిచాడు.

బాలనర్సయ్య మళ్లీ ఫ్యూజులు తీసి, మోటరుకు పోయే రెండు తీగలు అటుదిటు మార్చి, ఫ్యూజులు ఎక్కించాడు. ఈసారి లేత్ సరైన వైపు తిరిగింది. సిద్ధయ్య ఎడమచేత్తో ఆపాడు, ఎడమచేత్తో నడిపాడు, మోకాలితో ఆపాడు, మళ్లీ నడిపాడు. చిన్నపిల్లవాడిలా అయిదారుసార్లు చేశాడు.

"నర్సయ్యా, ఇగ ఊరంత నిన్ను నవ్వుతరు గద" అన్నాడు సిద్ధయ్య.

"కొత్తగా నవ్వుతున్నరా?"

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ మూలనున్న వెదురు కట్టెను తీసి సైకిలుకు కట్టుకున్నాడు.

"అదెందుకు నీకు?"

"మా ఇంట్ల బల్లులు మస్తయినయ్" అన్నాడు బాలనర్సయ్య, ఏమాత్రం నవ్వకుండా.